వరి బువ్వ వండిననాడే పండుగ

పండుగ అనగానే మన నోట్లో ముందు మెదిలేవి సకినాలు, అరిసెలు, గారెలు, పులిహోర, పరమాన్నం. ఈ పేర్లను ఒకసారి నిదానంగా చూడండి. సకినం బియ్యప్పిండి. అరిసె బియ్యప్పిండి. పులిహోర, పరమాన్నం, అట్లు, అటుకులు అన్నీ బియ్యమే. మన పండుగ వంటల్లో సగానికి పైగా బియ్యం చుట్టే ఎందుకు తిరుగుతున్నాయి? రోజూ తినేదాన్నే పండుగనాడు కూడా ఇన్ని రకాలుగా ఎందుకు వండుకుంటున్నాం? జవాబు చిన్నది. ఈ వంటలు పుట్టిన రోజుల్లో బియ్యం రోజూ తినేది కాదు.

ఇక్కడ గల్ఫ్‌లో క్యాంపు మెస్సుల్లో పగలు అన్నం, రాత్రి అన్నం తింటున్న మన తమ్ముళ్లకు ఈ మాట వింతగా ఉండవచ్చు. కానీ మీ ఊళ్లో డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి. మాది పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి లెక్కలో జగిత్యాల జిల్లా. మా అవ్వ చెప్పేది: పొద్దున అంబలి, పగలు జొన్న గట్క, లేకపోతే మక్క గట్క, పైకి ఇంత తొక్కు. వరి బువ్వ సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు, ఇంకా కొత్త అల్లుడు వచ్చినప్పుడు. పిల్లలు వేరే ఇంటి ముందు ఆడుకుంటూ అన్నం ఉడికే వాసన వస్తే ఆ ఇంటికి చుట్టం వచ్చాడని చెప్పేవాళ్లట.

అన్ని ఇళ్లలో ఇంతే అనుకోవద్దు. తెలంగాణలో వరి కొత్తగా వచ్చిందేమీ కాదు. కాకతీయుల కాలంలోనే, 13వ శతాబ్దంలో, రామప్ప, పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువులు తవ్వించారు. చెరువు కింద మడి ఉన్నవాడికి వరి ఉంది. ఆ మడి ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. నీరు పారే మంచి భూమి దొరల చేతుల్లో, కొద్దిమంది పెద్ద రైతుల చేతుల్లో ఉండేది. నాటు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, కోత కోసినవాళ్లు, వడ్లు దంచినవాళ్లు ఇంటికి వచ్చి గట్క తిన్నారు. దంచిన చోట మిగిలిన నూకలు దొరికితే అదే వాళ్లకు అన్నం. మన వంటల చరిత్ర రాసేవాళ్లు తరచుగా ఈ సంగతి దాటేసి నేరుగా నెయ్యి, బెల్లం దగ్గరికి వెళ్లిపోతారు. అది నాకు నచ్చదు.

సాహిత్యంలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. సన్నబియ్యానికి అలవాటు పడిన శ్రీనాథ మహాకవి పల్నాడు వెళ్లి, అక్కడ జొన్నకూడు తప్ప ఇంకేమీ దొరకలేదని విసుక్కుంటూ చెప్పిన చాటు పద్యాలు ఆయన పేరుతో నేటికీ ప్రచారంలో ఉన్నాయి. కవిగారికి కష్టం కలిగింది సరే, పల్నాటి రైతుకు మాత్రం అదే ఏడాది పొడవునా భోజనం. ఇంకో పక్క శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వివరంగా ఉంది. వానాకాలంలో అన్నం, పప్పు, వరుగులు, వడియాలు. ఎండాకాలంలో పలుచని పులుసు, చెరకు రసం, మజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు. ఎంత వెతికినా అక్కడ మిరపకాయ ఉండదు. అది అమెరికా ఖండం పంట. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. వాళ్లు గోవా పట్టుకున్నదే 1510లో. కారం అంటే అప్పటిదాకా మిరియమే, మిరపకాయ అన్న పేరు కూడా ఆ మిరియం నుంచి వచ్చిందే. తద్దినం వంటలో నేటికీ మిరపకాయ ముట్టకుండా మిరియాలతో చేసే ఇళ్లు ఉన్నాయి. పెద్దవాళ్లకు పెట్టే భోజనం పెద్దవాళ్ల కాలం నాటిదే ఉండాలని కాబోలు. మా అవ్వ తినే గట్కలోని మక్కలు కూడా అమెరికా నుంచి వచ్చినవే అంటే ఆమె నమ్మి ఉండేది కాదు.

అరిసె మాత్రం చాలా పాతది. తిరుమల కొండ మీది విజయనగర కాలపు శాసనాల్లో స్వామివారి నైవేద్యాల లెక్కల్లో అతిరసం పేరు ఉంది. తమిళంలో అధిరసం అన్నా, మన దగ్గర అరిసె అన్నా వంట ఒకటే. బియ్యం నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఆరకముందే దంచి, జల్లించి, బెల్లం ఉండపాకంలో కలిపి, నువ్వులు అద్ది, కాల్చి, రెండు చెక్కల మధ్య నూనె పిండాలి. అందులో గుట్టంతా తడిపిండిలో ఉంది. ఇక్కడి సూపర్ మార్కెట్‌లో దొరికే పొడి బియ్యప్పిండి పాకెట్‌తో అరిసెలు చేసి, విరిగిపోయాయని బెల్లాన్ని తిట్టుకునేవాళ్లను ప్రతి సంక్రాంతికీ చూస్తుంటాను. బెల్లం తప్పు కాదు. రాతియుగం నాటి అరిసెలు అని నవ్వేముందు పిండి సంగతి చూసుకోండి.

సకినం సంగతి వేరు. దానికి పాకం లేదు, తీపి లేదు. కొత్త బియ్యం నానబెట్టి పట్టించిన పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి, తెల్లటి బట్ట మీద వేళ్ల మధ్య నుంచి పిండిని సన్నగా మెలి తిప్పుతూ రింగు మీద రింగు చుట్టాలి. బట్ట నీటిని పీల్చుకునేదాకా ఆరనివ్వాలి. తడి మిగిలితే నూనెలో పేలుతుంది. చుట్టడం చూస్తే వచ్చేది కాదు, చేస్తే వచ్చేది. ఒక ఇంటికి కుంచెడు బియ్యం పోస్తే ఆ వాడలోని ఆడవాళ్లంతా వచ్చి కూర్చునేవాళ్లు. ఇవ్వాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో. అది కూలి పని కాదు, బదులు పని. పెళ్లయిన ఆడపిల్లకు పంపే సారెలో సకినాల గంప ఉండాలంటే పది చేతులు కావాలి. కొలతలు ఎక్కడా రాసి లేవు. అవి ఆ పది చేతుల్లోనే ఉన్నాయి.

బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు కూడా ఇదే లెక్కతో చూడవచ్చు. ఎంగిలిపూల తర్వాత రెండోనాడు అటుకులు. మూడోనాడు ముద్దపప్పు. నాలుగోనాడు నానబియ్యం. అయిదోనాడు అట్లు. ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం ఉండదు. ఏడోనాడు బియ్యప్పిండితో చేసిన వేపకాయలు. ఎనిమిదోనాడు వెన్నముద్దలు. చివరినాడు సద్దులు. సద్ది అంటే పొలానికి కట్టుకుపోయే మూట. మామూలు రోజుల్లో ఆ మూటలో ఉండేది గట్క, రొట్టె. పండుగ సద్దిలో మాత్రం పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం. అంటే ఏడాదంతా కట్టుకోవాలని ఆశపడిన మూటను ఒక్కరోజు కట్టుకున్నారన్నమాట. ఇది నా ఊహ. పండితులు వేరే అర్థం చెప్పవచ్చు.

ఆ సద్దుల పక్కనే మలీద ముద్దలు ఉంటాయి. రొట్టెను నలిపి బెల్లం కలిపి ముద్ద కట్టేది. మలీద అన్నది పారసీ మాట, నలిపినది అని అర్థం. మొహర్రంలో పీరీలకు పెట్టేది కూడా ఈ మలీదనే, పీర్ల పండుగకు హిందువులూ చేసి తీసుకుపోయేవాళ్లు. వరి లేని ఇంట్లో కూడా రొట్టె, బెల్లం ఉంటాయి కాబట్టి ఈ ఒక్క నైవేద్యం ఎవరైనా పెట్టగలిగేది. రాయలసీమలో సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జ రొట్టెలు చేయడం కూడా మెట్ట పంట నేల నేర్పిన సంప్రదాయమే.

కోస్తాలో కథ కొంచెం ముందుగా మారింది. అక్కడా అంతకు ముందు సుఖం లేదు. 1832–33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. తర్వాత ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరికి 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించాడు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. డెల్టా వరి గాదె అయింది. ఆత్రేయపురం పూతరేకులు ఆ గోదావరి నేలవే, పలుచటి బియ్యప్పిండి జావను బోర్లించిన కుండ మీద పొరలా తీసి చేసేవి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బియ్యాన్ని కాగితంలా చేసి ఆడుకోవాలంటే ముందు బియ్యం మిగలాలి కదా.

తెలంగాణలో మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయి నిజామాబాద్ వైపు వరి తెచ్చింది. మిగతా జిల్లాలు చాలాకాలం ఆగాయి. పోచంపాడుకు 1963లో పునాది రాయి పడింది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. అప్పుడే కొత్త వంగడాలు కూడా వచ్చాయి. ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్ 8, 1966లో. మన వాళ్లు ప్రాణం పెట్టే మసూరి కూడా విదేశీయే. మలేషియాలో 1965లో విడుదలైన వంగడం అది, అక్కడి కథల్లోని మహ్సూరి అనే స్త్రీ పేరు పెట్టారు. దాన్ని సంకరానికి వాడి బాపట్లలో తయారుచేసిన సాంబ మసూరి, రైతులు బీపీటీ అనేది, 1986లో వచ్చింది. మలేషియాలో ఉన్న మన తెలుగువాళ్లు ఈ ఒక్క సంగతికైనా మీసం తిప్పవచ్చు.

ఇవన్నీ పండించే సంగతులు. తినే సంగతి మార్చింది 1983. ఆ ఏడాది జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఖజానాకు భారమని, ఓట్ల కోసమని అప్పుడు చాలామంది అన్నారు. అందులో నిజం ఎంతైనా ఉండనీయండి. గట్క కుండ పొయ్యి మీద నుంచి దిగింది మాత్రం అప్పుడే. బోర్లు, మోటార్లు, 2004 నుంచి ఉచిత కరెంటు ఆ తర్వాతి మాట. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దారి తెరుచుకోవడం కూడా ఇందులో కలిసింది. మా ఊళ్లో గల్ఫ్ డబ్బు వచ్చిన ఇల్లు ఏదో తెలుసుకోవాలంటే మిద్దె చూడనవసరం లేదు, ఆ ఇంట్లో రోజూ సన్నబియ్యం వండుతారు అనేవాళ్లు. ఇక్కడ ఎండలో నిలబడ్డ మనిషి అక్కడ పిల్లలకు మొదట కొనిపెట్టింది అదే. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

రోజూ అన్నం దొరికాక పండుగ ఏమైంది? పండుగ పళ్లెంలోకి వేరేవి వచ్చాయి. బగారన్నం, కోడికూర, దసరాకు యాట కూర. పులిహోర టిఫిన్ అయింది. సకినాలు మిఠాయి దుకాణంలో కిలోల లెక్కన ఏడాదంతా దొరుకుతున్నాయి, పార్సిల్‌లో ఇక్కడికీ వస్తున్నాయి. దుకాణం సకినం తినకూడదని నేను అనను. చుట్టిన ఆడవాళ్లకు కూలి దొరుకుతోంది, ఒకప్పుడు అది లేదు. కానీ నువ్వుల నూనె, కుసుమ నూనె, పల్లి నూనె పోయి చాలాచోట్ల పామాయిల్ వచ్చింది.  ఇంటి సకినం నెల దాటినా అలాగే ఉండేది.

ఇంకో విచిత్రం. షుగర్ వచ్చినవాళ్లు ఇప్పుడు డాక్టరు చెప్పాడని జొన్నరొట్టె, తైదంబలి వెతుక్కుంటున్నారు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మా అవ్వ సిగ్గుపడుతూ చుట్టాలకు పెట్టకుండా దాచిన జొన్నలు ఇవ్వాళ సూపర్ మార్కెట్‌లో సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. కష్టకాలపు తిండిని గొప్పగా చెప్పుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ అది ఇష్టంతో తిన్నది కాదని, వేరే దారి లేక తిన్నదని పిల్లలకు చెప్పాలి.

2025 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఒకప్పుడు అల్లుడి కోసం అరువు తెచ్చిన బియ్యం ఇప్పుడు కార్డు మీద వస్తోంది. ఆ మధ్య మా అమ్మ ఫోన్‌లో ఈ మాట సంతోషంగా చెప్పి, వెంటనే ఒక చిక్కు కూడా చెప్పింది. పిండి వంటలకు పాత రేషన్ దొడ్డుబియ్యమే బాగుండేదట. సకినాలకు, అట్లకు అదే వాడేవాళ్లు. ఇప్పుడు సంక్రాంతికి దొడ్డుబియ్యం ఎక్కడ కొనాలి అని అడుగుతోంది.