మెకంజీ సేకరణ, నంద్యాల – ఆళ్ళగడ్డ సీమ

మెకంజీ సేకరణ అనేది ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, ఆయన కొలువులోని తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ పండితులు కలిసి దక్షిణ భారతంలో కూర్చిన వ్రాతప్రతులు, శాసనాల నకళ్ళు, స్థానిక చరిత్రలు, పటాలు, చిత్రాలు, ఉత్తరాల భాండాగారం. ఇందులోని స్థానిక చరిత్రలకు కైఫియత్తులని పేరు. నల్లమల కొండలకూ కుందూ నదికీ మధ్యనున్న నంద్యాల, ఆళ్ళగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతాల మధ్యయుగ చరిత్ర రాసేవారికి శాసనాల తరువాత మొదటి ఆధారం ఈ పత్రాలే. ఒక్క మనిషి పేరుతో చలామణి అవుతున్నా వీటిలో ఎక్కువ భాగం ఆయన చేతిరాత కాదు. ఆయనకు ఈ దేశభాషల్లో దేనిలోనూ గట్టి ప్రవేశం లేదు. నేర్చుకునే తీరిక దొరకలేదని ఆయనే ఒప్పుకున్నాడు.

మెకంజీ స్కాట్లాండుకు పడమరనున్న లూయిస్ దీవిలో స్టోర్నొవే పట్టణంలో 1754 ప్రాంతంలో పుట్టాడు. 1783లో మద్రాసు చేరి కంపెనీ ఇంజనీర్ల దళంలో ఉద్యోగించాడు. లాగరిథమ్‌లను కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం హిందూ గణితం గురించి వాకబు చేయడంతో ఆయనకు ఈ దేశపు విద్యల మీద ఆసక్తి మొదలైంది. టిప్పు సుల్తానుతో 1790–92 యుద్ధం ముగిశాక నిజాం రాజ్యపు పటాలు గీసే పని ఆయనపై పడింది. ఆ తిరుగుళ్ళలోనే 1794లో కర్నూలు సీమ మీదుగా శ్రీశైలం వెళ్ళాడు. గుడి ప్రాకారపు రాళ్ళపై చెక్కిన బొమ్మలను వర్ణిస్తూ ఆయన రాసిన దినచర్య భాగం ‘ఏషియాటిక్ రిసర్చెస్’ అయిదో సంపుటంలో 1798లో అచ్చయింది. నల్లమల గుడుల గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి రచనల్లో అదొకటి. కొలతలు తీసే మనిషికి కొండ ఎత్తుతోపాటు కొండమీది దేవుడి కథ కూడా కావలసి రావడం అందులో కనిపిస్తుంది.

ఆ కథ చెప్పగల మనుషులు దొరకకపోతే సేకరణే లేదు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతంలో ఇరవై ఏళ్ళ వయసులో ఆయన దగ్గర చేరాడు. పాత కన్నడ లిపిలోని శాసనాలను కూడబలుక్కుని చదివే విద్య సాధించాడు. 1799 తరువాత సాగిన మైసూరు సర్వేలో పండితులను ఊళ్ళకు పంపడం, వారు తెచ్చినవాటిని వర్గీకరించడం వంటి పద్ధతులు ఏర్పడడంలో అతనిది పెద్ద చెయ్యి. 1803లో, ముప్పై నిండకుండానే చనిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చిన తమ్ముడు లక్ష్మయ్య మెకంజీ బతికినంతకాలం సేకరణకు ప్రధాన నిర్వాహకుడు. మరో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో పుస్తకంగా వెలువరించాడు. బొర్రయ్య తనకు భారతీయ విద్యల వాకిలి తెరిచాడని 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో మెకంజీ చెప్పుకున్నాడు.

రాయలసీమ పత్రాల్లో పెద్ద భాగం 1809 తరువాతివి. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలే దత్తమండలాలు. వాటి సర్వే 1809 నుంచి సుమారు అయిదారేళ్ళు నడిచింది. నంద్యాల, సిరివెళ్ళ, ఆళ్ళగడ్డ ఊళ్ళు అప్పట్లో కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేవి. కోవెలకుంట్ల మాత్రం కడప జిల్లాలోని కంపెనీ తాలూకా. నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో తొలగించాక ఈ నేల కంపెనీ చేతికొచ్చింది. 1858లో కోవెలకుంట్ల, కంభం, మార్కాపురం, పత్తికొండ తాలూకాలను కలిపి కర్నూలు జిల్లా చేశారు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అందుకే నేటి నంద్యాల జిల్లా ఊరి కైఫియత్తు కోసం పాత కడప జిల్లా సంపుటాల్లో వెతకవలసి వస్తుంది.

కైఫియత్తు తయారీ కచేరీ పనిలాగే సాగేది. సర్వే బృందం నుంచి ఒక గుమాస్తా ఊరికి వెళ్ళి కరణాన్ని, రెడ్డిని, గుడి స్థానాచార్యులను, ముసలివాళ్ళను కూర్చోబెట్టి అడిగేవాడు: ఊరు ఎవరు కట్టించారు, గుడి ఎవరిది, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, చెరువు ఎప్పుడు తవ్వారు, ఎవరి తరువాత ఎవరు ఏలారు. కరణం తన ఇంటి కవిలెకట్టలు విప్పేవాడు. గ్రామం పుట్టుక, పొలాల ఎల్లలు, మాన్యాలు, రాయల కాలపు పన్నుల నిర్ణయాలు తరతరాలుగా ఎక్కిన లెక్కలను దండకవిలె అనేవారు. వాటి నుంచి ఎత్తి రాసినదానికి నోటిమాటగా విన్నది కలిపితే కైఫియత్తు తయారయ్యేది. చాలా కైఫియత్తులది ఒకే నడక. మొదట త్రేతాయుగంలో ఎవరో రుషి తపస్సు, తరువాత జనమేజయుడి అగ్రహారం, ఆపైన కాకతి ప్రతాపరుద్రుడు, రాయలు, గోల్కొండ నవాబులు, హైదరాలీ, టిప్పు, నిజాం, చివర కంపెనీ దొరతనం. మొదటి రెండు మెట్లు దాటితే చేతికి అందేది గట్టి సరుకే.

అడిగేవాడు ఎవరో, ఎందుకు అడుగుతున్నాడో జనానికి తెలుసు. మాన్యాల లెక్క తీసి శిస్తు వేస్తారన్న భయం ఊరూరా ఉండేది, పండితులు నెలనెలా పంపిన నివేదికల్లో ఆ గోడు వినిపిస్తుంది. కొందరు కాగితాలు దాచారు. మరికొందరు, ముఖ్యంగా పాళెగాళ్ళ వంశాలవారు, తమ హక్కులు సర్కారు పుస్తకంలో ఎక్కుతాయన్న ఆశతో వంశావళులు ఉత్సాహంగా రాయించారు. దత్తమండలాల్లో పాళెగాళ్ళను థామస్ మన్రో అణచివేసి ఎన్నో ఏళ్ళు కాలేదు. కోట పోయిన కుటుంబం తన తాత ఎవరికి కొలువు చేశాడో చెప్పేటప్పుడు గతంతోపాటు దావా కూడా దాఖలు చేస్తోంది. ఈ పత్రాలను చదివేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే: కైఫియత్తు చాలాచోట్ల కరణం ఇచ్చిన వాఙ్మూలం.

ఆళ్ళగడ్డ సీమలో ఇందుకు మంచి ఉదాహరణ అహోబిలం. రుద్రవరం దగ్గర విడిది చేసిన ప్రతాపరుద్రుడు నిత్యపూజకు బంగారంతో శివలింగం పోయించబోతే అది మళ్ళీమళ్ళీ నరసింహమూర్తిగానే తయారైందని అక్కడి స్థలకథ. రాజు ఆ మూర్తిని అహోబిల మఠానికి సమర్పించాడట. కాకతీయుల ప్రాబల్యానికీ మఠానికీ ముడిపెట్టే ఈ కథలో చిక్కుంది. ప్రతాపరుద్రుడు 1323లో ఓడి బందీ అయ్యాడు; అహోబిల మఠం సంప్రదాయం తన తొలి జియ్యరు ఆదివణ్ శఠగోపుల పీఠాన్ని 14వ శతాబ్ది చివర పెడుతుంది. కైఫియత్తు రచనలో ఇలాంటి అతుకులు మామూలే. పేరున్న రాజు ఒకడు దొరికితే ముందు వెనుకల దానాలన్నీ అతని ఖాతాలో పడతాయి.

అదే అహోబిలంలో నమ్మదగిన పొర కూడా ఉంది. కళింగ యుద్ధయాత్ర నడుమ కృష్ణదేవరాయలు శక 1437 యువ సంవత్సరంలో, అంటే 1515 చివర, స్వామికి నగలూ బంగారు నాణేలూ సమర్పించిన సంగతి అక్కడి శాసనంలోనే ఉంది. తరువాతి ఘట్టం ఇంకా ఆసక్తికరం. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేన హండె నాయకుల తోడ్పాటుతో 1579లో అహోబిలాన్ని పట్టుకుంది. కొన్నేళ్ళ తరువాత జియ్యరు మొర విని పెనుగొండ రాజు శ్రీరంగరాయలు కొండరాజు వెంకటరాజును, తిరుమలరాజును పంపి గుడిని విడిపించాడు. ఈ కథ శక 1506 నాటి శాసనంలోనూ స్థానిక చరిత్రలోనూ ఉంది. రెండూ కలిసిన చోట కైఫియత్తుకు బలం వస్తుంది. శాసనం దానం దగ్గర ఆగిపోతే కైఫియత్తు ఆ రోజుల్లో ఊరు ఎలా పాడుపడింది, తిరిగి ఎవరు వచ్చి కాపురం పెట్టారు అన్నదాకా పోతుంది.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. కైఫియత్తుల్లో తరచు సంవత్సరం పేరే ఉంటుంది, శకవర్షం ఉండదు. యువ సంవత్సరం 1455, 1515, 1575, 1635లలో నాలుగుసార్లు వచ్చింది. రాజు పేరు తప్పు పడితే సంఘటన ఒక్కసారిగా అరవై ఏళ్ళు ముందుకో వెనక్కో జరుగుతుంది. గోల్కొండ ఏలుబడి తరువాతి భాగాల్లో ఫసలీ లెక్క కలగలిసి ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని తెలిసినవారికి ఆ భాగాలే సులువు.

కైఫియత్తులకన్నా తక్కువమంది తెరిచేవి క్షేత్ర పత్రాలు: మెకంజీ ఉత్తరప్రత్యుత్తరాలు, సర్వే దినచర్యలు, పండితుల నెలవారీ నివేదికలు, చిత్రకారుల స్కెచ్చులు, పటాలు. ఫలానా గుమాస్తా ఏ ఊళ్ళో ఎన్నాళ్ళున్నాడు, ఏ శాసనం నకలు తీశాడు, ఎవరు కాగితాలివ్వమన్నారు అన్న వివరాలు నివేదికల్లో దొరుకుతాయి. కైఫియత్తు ఎవరి నోటి నుంచి వచ్చిందో తేల్చడానికి ఇవే దారి. ఈజిప్టులోనూ ఇదే కాలంలో ఇలాంటి పనే సాగింది. నెపోలియన్ దండయాత్ర వెంట వెళ్ళిన పండితుల గ్రంథం 1809 నుంచి వెలువడింది. రాబర్ట్ హే, జేమ్స్ బర్టన్‌ల చిత్రాలూ నోటు పుస్తకాలూ తరువాత లండన్ చేరాయి. అయితే వాళ్ళు చూస్తున్న లిపిని చదవగలవాళ్ళు ఆ దేశంలో మిగల్లేదు. షాంపోలియన్ దారి కనిపెట్టిన 1822కు ఏడాది ముందే మెకంజీ పోయాడు. ఇక్కడ మాత్రం కవిలెను చదివి వినిపించే కరణం ఊళ్ళోనే ఉన్నాడు.

మెకంజీ 1811–13లలో జావాలో పనిచేసి, 1812లో అక్కడే పెట్రొనెల్లా బార్టెల్స్‌ను పెళ్ళాడాడు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. థామస్ హికీ 1816లో గీసిన చిత్రంలో ఎర్రకోటు దొర చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు: ఒకరి చేతిలో తాటాకులు, ఒకరి చేతిలో దూరదర్శిని. సహాయకులను ఇలా పక్కనే నిలిపి గీయించుకున్న అధికారులు ఆ కాలంలో అరుదు. ఆయన 1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నదిపై పడవలో చనిపోయాడు.

భార్య నుంచి సేకరణ మొత్తాన్ని బెంగాల్ ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో రెండు సంపుటాల జాబితా వేశాడు. అందులో 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,159 అనువాదాలు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు లెక్కకొచ్చాయి. తరువాత సేకరణ ముక్కలైంది. అనువాదాలు, ఉత్తరాలు, చిత్రాలు చాలావరకు లండన్ చేరగా దక్షిణ భాషల ప్రతులు మద్రాసు వచ్చాయి.

మిగిలిన పనిని తాను ముగిస్తానని లక్ష్మయ్య ప్రభుత్వాన్ని కోరాడు. 1830లలో ఈ విన్నపం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్ళింది. జేమ్స్ ప్రిన్సెప్ వర్గం, ఇంతటి పనికి సాధారణీకరించగల పెద్ద తలకాయ కావాలని, లక్ష్మయ్యకు అంత శక్తి లేదని తేల్చింది. పాతికేళ్ళు ఆ కాగితాల మధ్యనే బతికిన మనిషిని పక్కనపెట్టి పనిని విలియం టేలర్ అనే మిషనరీకి అప్పగించారు. టేలర్ నివేదికలూ, 1857–62 మధ్య వేసిన జాబితాలూ ఉపయోగపడినా, తెలుగు స్థానిక చరిత్రలపై ఆయన తీర్పులు తరచు తొందరపాటువే. ఈలోగా చెదలూ తేమా తమ పని తాము చేశాయి. శిథిలమవుతున్న కాగితాలను 19వ శతాబ్ది మధ్యలో తిరగరాయించడంతో చాలా కైఫియత్తులు ఈ రెండో చేతి నకళ్ళుగానే మిగిలాయి. అసలుకూ నకలుకూ తేడా వచ్చినచోట చరిత్రకారులు సంపుటం, పుటసంఖ్య విడిగా చెప్పడం అందుకే.

తెలుగులో ఈ పత్రాల విలువను మల్లంపల్లి సోమశేఖరశర్మ తరం గుర్తించింది. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య 1946లో ప్రచురించిన విజయనగర చరిత్ర ఆధారాల సంపుటాల్లో కైఫియత్తుల భాగాలు చేరాయి. ‘కళాపూర్ణోదయం’ అంకితం పొందిన నంద్యాల కృష్ణరాజు వంశం వంటి ఆరవీటి శాఖల స్థానిక అధికారాన్ని పోల్చిచూడడానికి కావ్యాల అవతారికలు, శాసనాలతోపాటు ఈ రాతలనూ వాడతారు. మద్రాసు విశ్వవిద్యాలయం కోసం టి.వి. మహాలింగం 1970లలో సారాంశాలు ప్రచురించాడు. సేకరణలో భారతీయ పండితుల పాత్రపై ఫిలిప్ వాగొనర్ 2003లో, రమాసుందరి మంతెన 2012లో చేసిన పరిశీలనలు కావలి సోదరులను మళ్ళీ ముందుకు తెచ్చాయి.

ప్రస్తుతం తెలుగు కైఫియత్తులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, ఉత్తరాలు, అనువాదాలు, చిత్రాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మెకంజీ జనరల్, ప్రైవేట్, మిస్సలేనియస్, ట్రాన్స్‌లేషన్స్ అనే వరుసల్లో ఉన్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. పాత కాలపు కరణీకపు తెలుగు, అరసున్నలు లేని రాత, అరబ్బీ–పారసీ రెవెన్యూ మాటలు కలిసిన వాటి వచనాన్ని చాలావరకు ఉన్నదున్నట్టే ఉంచారు.