కొత్తకోటలో ఇల్లు కడుతున్నారా? పర్మిషన్ వెంటనే వచ్చేస్తుంది.. చెకింగ్ మాత్రం ఆ తర్వాతే! మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ముందే చూసుకోవాల్సినవి ఇవే

వనపర్తి జిల్లా కొత్తకోటలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఇసుక కుప్పలు, కంకర కుప్పలే. హైదరాబాద్-బెంగళూరు హైవే మీద ఉన్న ఊరు, వనపర్తికి మలుపు తిరిగే చోటు కావడంతో ఇళ్లతో పాటు షటర్లు కూడా గట్టిగానే లేస్తున్నాయి. పని ఒప్పుకునే ముందు మేస్త్రీ అడిగే మొదటి మాట 'పర్మిషన్ ఉందా సారూ?' అని. 'వచ్చేసింది' అంటారు ఓనర్. అక్కడితో ముగ్గు పోసి గుంతలు తీస్తారు. అసలు చిక్కు మొదలయ్యేది కూడా అక్కడే.

ఎందుకంటే ఇప్పుడున్న పద్ధతిలో పర్మిషన్ కాగితం చేతికొచ్చిందంటే అధికారులు జాగ చూసి ఓకే చేశారని అర్థం కాదు. ఓనర్ చెప్పిన వివరాలను నమ్మి ఇచ్చారని మాత్రమే అర్థం. చెకింగ్ తర్వాత వస్తుంది.

మొదట మీ జాగ ఎక్కడుందో చూడండి

కొత్తకోట 2018లో మున్సిపాలిటీ అయింది. పట్టణ పరిధిలో పర్మిషన్ అంటే 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టమే. తర్వాత పేరు టీజీ బీపాస్‌గా మారింది, రూల్స్ అవే. మండలంలోని పల్లెల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ 300 చదరపు మీటర్ల లోపు జాగలో, జీ ప్లస్ 2 వరకు గ్రామ పంచాయతీ పర్మిషన్ ఇస్తుంది. అది దాటితే టౌన్ ప్లానింగ్ శాఖ దాకా పోవాల్సిందే. ఒకే మేస్త్రీ పొద్దున టౌన్‌లో, మధ్యాహ్నం పక్క ఊరిలో పని చేస్తుంటాడు కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మూడు రకాల దారులు

టౌన్‌లో 75 గజాల లోపు ప్లాట్, 7 మీటర్ల ఎత్తు లోపు ఇల్లు, అంటే గ్రౌండ్ మీద ఒక అంతస్తు. దీనికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. అయితే 150 గజాల ప్లాట్‌ను కాగితాల మీద రెండు ముక్కలు చేసి 'రెండూ 75 గజాలే' అంటే కుదరదు.

75 గజాలు దాటి 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు ఇన్‌స్టంట్ అప్రూవల్. సొంత ధ్రువీకరణ ఇచ్చి ఫీజు కడితే అప్పటికప్పుడే ఆర్డర్ వస్తుంది. మన దగ్గర పడే పనుల్లో ఎక్కువ శాతం ఈ కోవలోవే.

ఆ సైజు దాటినా, ఎత్తు దాటినా, లేదంటే కమర్షియల్ కట్టడం అయినా సింగిల్ విండో. 21 రోజుల్లో తేల్చాలి. అధికారులు ఏమీ చెప్పకుండా గడువు దాటితే పర్మిషన్ వచ్చినట్టే లెక్క.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. మెయిన్ రోడ్డు మీద ఇల్లు అని అప్లై చేసి, కింద నాలుగు షటర్లు దించేస్తారు. ఇన్‌స్టంట్ అప్రూవల్ నివాస గృహాలకే. షటర్ కనిపించిన రోజు ఓనర్ ఇచ్చిన ధ్రువీకరణే తప్పుడుది అవుతుంది. హైవే నుంచి నేరుగా దారి తీసుకునే దాబా, బంక్ లాంటివైతే మున్సిపల్ పర్మిషన్ ఒక్కటే సరిపోదు, నేషనల్ హైవే వాళ్ల అనుమతి కూడా విడిగా తెచ్చుకోవాలి.

చెకింగ్‌లో ఏం చూస్తారు?

అప్రూవల్ ఇచ్చాక 21 రోజుల్లోపు వివరాలు సరిచూస్తారు. తప్పు చెప్పినట్టు తేలితే ఇచ్చిన పర్మిషన్ వెనక్కి పోతుంది. ప్లాన్‌కు విరుద్ధంగా కట్టిన భాగాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలోనే ఉంది. అంటే పిల్లర్లు లేచే టైమ్‌కి కూడా రిస్క్ పోయినట్టు కాదు.

ఎక్కువగా పట్టుబడేది సెట్‌బ్యాక్ దగ్గరే. మన దగ్గర మామూలుగా దొరికే 30 బై 45 ప్లాట్ తీసుకుందాం. 150 గజాలు, దాదాపు 125 చదరపు మీటర్లు. 40 అడుగుల లోపు రోడ్డు ఉంటే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటర్ చొప్పున వదలాలి. మీటర్ అంటే 3 అడుగుల 3 అంగుళాల పైనే. రెండు పక్కలా తీసేస్తే 30 అడుగుల వెడల్పులో మిగిలేది 23 అడుగుల 5 అంగుళాలు. పొడవులో దాదాపు 36 అడుగుల 10 అంగుళాలు. ఒక్కో అంతస్తుకు 860 చదరపు అడుగుల చిల్లర, అంతే. కానీ ఓనర్ 27 అడుగుల వెడల్పు అడుగుతాడు, 'పక్కింటాయన కట్టలేదా?' అంటాడు. పక్కింటాయన పంచాయతీ రోజుల్లో కట్టి ఉండొచ్చు. ఆ కొలత చూసి ముగ్గు పోస్తే ఈ రోజు నడవదు.

రెండోది ఎత్తు. 200 చదరపు మీటర్ల లోపు ప్లాట్‌లో 7 మీటర్ల దాకా కడితే మార్ట్‌గేజ్ లేదు. ఇంకో అంతస్తు వేస్తే కట్టడంలో 10 శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. 'ముందు జీ ప్లస్ వన్ పెట్టుకుందాం, పైది తర్వాత చూద్దాం' అని ఓనర్ అంటే ఆ పైస్లాబ్ సెంట్రింగ్‌కు సామాను దించకండి. రివైజ్డ్ ప్లాన్ చూపించాకే దించండి.

మూడోది చెరువు. కరువు జిల్లా అనే పేరున్నా మన దగ్గర కుంటలకు కొదవ లేదు. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు కట్టడం ఉండకూడదు. ఎండాకాలంలో ఎండిపోయి జొన్న వేసినట్టు కనిపించే జాగ కూడా శిఖం భూమి కావొచ్చు. కళ్లతో చూసి కాదు, సర్వే నంబర్‌తో తేల్చుకోవాలి.

ఇక ఎల్‌ఆర్‌ఎస్. పంచాయతీ కాలంలో తెల్ల కాగితం మీద గీసిన వెంచర్ల ప్లాట్లు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. 2020 ఆగస్టు 26కి ముందు రిజిస్టర్ అయిన వాటికి అప్పట్లో వెయ్యి రూపాయలతో దరఖాస్తు పెట్టించారు, 2025లో ఫీజులో 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. లేఅవుట్‌లో ఖాళీ జాగ వదలకుంటే ప్లాట్ విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అదనం. ఈ ఖర్చు ఓనర్ బడ్జెట్‌లో ఉందో లేదో ముందే అడగండి. మధ్యలో తెలిస్తే ఆగేది మేస్త్రీ బిల్లే.

ఇందిరమ్మ ఇళ్ల పని అయితే లెక్క ఇంకా గట్టిది

2025 ఫిబ్రవరి 21న పక్కనే నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ఇళ్లకు శంకుస్థాపన జరిగిన ఈ పథకంలో 5 లక్షలు నాలుగు విడతలుగా వస్తాయి. బేస్‌మెంట్ పూర్తయితే లక్ష. ప్రతి దశలో ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి, అధికారి వచ్చి చూడాలి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 'ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది కలుపు' అని ఇంటివాళ్లు అంటే మొహమాట పడి బేస్‌మెంట్ పెంచొద్దు. పైసలు పడేది లబ్ధిదారు ఖాతాలో. అక్కడ ఆగితే కూలీలకు జేబులోంచి ఇచ్చుకోవాల్సింది మీరే.

హైదరాబాద్‌లో 2025లో బిల్డ్‌నౌ వచ్చింది. డ్రాయింగ్‌ను నిమిషాల్లో కంప్యూటరే పరిశీలిస్తుంది. ఎంత స్పీడుగా వచ్చినా స్క్రీన్ మీద ఉన్న కొలత, నేల మీద ఉన్న కొలత ఒకటి కావాల్సిందే.

కాబట్టి పని ఒప్పుకునే రోజే ప్రొసీడింగ్స్ కాపీ, ప్లాన్ కాపీ మీ ఫోన్‌లో పెట్టుకోండి. ముగ్గు పోసేటప్పుడు నాలుగు మూలల కొలత ఓనర్ ముందే వేసి ఫోటో తీయండి. ప్లాన్ దాటి చేయమంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. నోటీసు ఓనర్ పేరు మీదే వస్తుంది, నిజమే. కానీ పని ఆగితే చివరి విడత పైసలు ఆగేది కాంట్రాక్టర్‌కే.

పని అయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మరిచిపోవద్దు. 500 చదరపు మీటర్లు, 10 మీటర్ల లోపు ఇళ్లకు ఇది కూడా సొంత ధ్రువీకరణతోనే వస్తుంది, పెద్దవాటికి 15 రోజులు. 75 గజాల లోపు రిజిస్ట్రేషన్ ఇళ్లకు అక్కర్లేదు. మిగతావాళ్లు అది లేకుండా ఉంటే కరెంటు, నీళ్ల చార్జీ మూడు రెట్లు వేయొచ్చని నిబంధనల్లోనే ఉంది.