బరువు తగ్గడంతోనే నడుము నిటారుగా నిలుస్తుందా?

పొట్ట పెరిగేకొద్దీ శరీర భారం ముందుకు జరుగుతుంది. ఆ భారాన్ని మోసేందుకు నడుము వద్ద వెన్ను వంపు పెరిగి, అక్కడి కీళ్లపై ఒత్తిడి అధికమవుతుంది. బరువు తగ్గితే ఈ ఒత్తిడి తగ్గుతుంది. అయితే, కేవలం ఆహారం తగ్గించుకునేవారు కొవ్వుతోపాటు కొంత కండరాన్నీ కోల్పోతారు. వెన్నును నిలబెట్టేది ఆ కండరమే.

పొట్ట, నడుము, కటి చుట్టూ ఉన్న కండరాలతోపాటు ఉదరవితానాన్నీ కలిపి 'కోర్' అంటారు. ప్లాంక్, సేతుబంధాసనం, భుజంగాసనం వీటిని బలపరుస్తాయి. శ్వాస బిగబట్టకుండా, నడుము జారకుండా నిలపగలిగినంతసేపు చేస్తే చాలు.

ఈ వ్యాయామాలతో పొట్ట కొవ్వు ఒక్కటే ప్రత్యేకంగా కరగదు. అందుకు నడక, మితాహారం అవసరం. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

కండరం నిలవాలంటే మాంసకృత్తులూ అవసరమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల చొప్పున సిఫార్సు చేసింది. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలతో దీనిని సమకూర్చుకోవచ్చు.

నడుము నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఉన్నా ముందుగా వైద్యులను సంప్రదించాలి.