నిద్రపోయే ఇంటికి ఒక పహరాదారు

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు లోపలి మనుషులతో సహా తగలబడింది. ఆ ఖబర్ విన్న ప్రవక్త (స) నిప్పు మీకు దుష్మన్ అని, పడుకునే ముందు దాన్ని ఆర్పేయమని చెప్పారని బుఖారీ హదీసుల్లో ఉంది. ఎలుక దీపం వత్తిని లాక్కెళ్లి ఇల్లంటించే ఖతరా గురించి కూడా హెచ్చరించారు. చిరాగ్ ఆర్పడం మన చేతిలో పనే. కానీ ఈనాటి ఇంట్లో ఫ్రిజ్, ఏసీ, గోడలో వైరు రాత్రంతా పనిచేస్తూనే ఉంటాయి. మరి నీంద్‌లో ఉన్నవాడిని లేపేదెవరు? స్మోక్ డిటెక్టర్ తారీఖ్ అంతా ఈ సవాల్‌కు జవాబు వెతకడమే.

ఎడిసన్ దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ అప్టన్, ఫెర్నాండో డిబుల్‌తో కలిసి 1890లో అమెరికాలో ఫైర్ అలారానికి పేటెంట్ తీసుకున్నాడు. అది కనిపెట్టేది వేడిని. గది అంత వేడెక్కేసరికి పొగ తన పని కానిచ్చేసి ఉంటుంది. పొగను పట్టే దారి ఇత్తెఫాక్‌గా దొరికింది. 1930ల చివర్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే పరికరం చేయబోయాడు. విషవాయువుకు మీటరు ముల్లు కదల్లేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగిస్తే, ఆ పొగకు కదిలింది! తర్వాత పరికరాలు వచ్చాయి గానీ ఖరీదెక్కువ, పెద్ద భవనాలకే పరిమితం. 1965లో డ్యువేన్ పియర్సాల్, స్టాన్లీ పీటర్సన్ బ్యాటరీతో నడిచే చిన్న డిటెక్టర్ తయారుచేశారు. 1970లలో అది మామూలు ఇళ్లకు చేరింది.

ఇందులో రెండు కిస్మ్‌లు. ఒకదాంట్లో రవ్వంత అమెరీషియం-241 గాలిలో సన్నని కరెంటు పారేలా చేస్తుంది. పొగ చొరబడితే కరెంటు తగ్గి అలారం మోగుతుంది. రెండోదాంట్లో పొగ రేణువులు కాంతిని చెదరగొట్టి సెన్సర్ మీద పడేస్తాయి. పరుపు, దూది నెమ్మదిగా రాజుకునే మంటలను ఇది త్వరగా పడుతుంది.

అమెరికా లెక్కల ప్రకారం పనిచేసే అలారం ఉన్న ఇళ్లలో అగ్నిప్రమాదంలో మౌత్ ముప్పు సుమారు సగానికి తగ్గింది. కారణం సాదా: నిద్రలో ముక్కు మీద భరోసా పెట్టలేం, చెవి మాత్రం వింటుంది.

మన దగ్గర? 2022 సెప్టెంబరు 25 తెల్లవారుజామున రేణిగుంటలో కింద ఆసుపత్రి, పైన ఇల్లు ఉన్న భవనం అంటుకుని ఒక డాక్టరు, ఆయన ఇద్దరు పిల్లలు పోయారు. పిల్లల జాన్ తీసింది పొగే. 2025 మే 18 ఉదయం హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఒకే ఖాందాన్ వాళ్లు 17 మంది పోయారు. అక్కడా ఎక్కువమందిని చంపింది పొగే. ఫైర్ శాఖ ఎన్ఓసీ 18 మీటర్లు దాటిన నివాసాలకే. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె గల్లీల్లో కింద దుకాన్, పైన కాపురం ఉన్న రెండంతస్తుల ఇళ్లను ఎవరూ అడగరు.

2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయారు. అది రంజాన్ నెల. సహరీ కోసం మేలుకొని ఉన్న ముస్లిములు పొరుగు తలుపులు తట్టి కొందరిని లేపారు. మిగతా పదకొండు నెలలు మన మొహల్లాలో ఆ వేళకు ఎవరు మేలుకొని ఉంటారు?

పడక గది బయట, పైకప్పుకు ఒక డిటెక్టర్ బిగించండి. వంటింటి తాలింపు, జుమ్మా నాటి లోబాన్ పొగ తగలనంత దూరంలో పెట్టండి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి. పదేళ్లకు మార్చేయండి. ఇంటిల్లిపాది హిఫాజత్ కూడా మన మీదున్న అమానతే.