గవర్నర్ బంగళా నుంచి రాష్ట్రపతి భవన్ దాకా: పార్వతీపురం లెక్క, రాయ్‌రంగ్‌పూర్ లెక్క

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మొన్న రాత్రి అన్నాలు తిన్నాక పొదిలి హాస్టల్ వరండాలో కూర్చుని గ్రూప్-2 బిట్లు చెప్పుకుంటుంటే, ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు అడిగినాడు: "అన్నా, గవర్నర్‌గా చేస్తే రాష్ట్రపతి అయిపోవచ్చా? ముర్ము గారు అట్లానే అయ్యారు కదా?" మాలో ఒకరు అవునన్నారు, ఇంకొకరు అదేం లేదు, అంతా పార్టీ చేతిలో పని అన్నారు. ఇద్దరి మాటా సగం సగమే అనిపించింది. అందుకని నాలుగు రోజులు లైబ్రరీలో, ఫోన్లో వెతికి మేం తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. ఇప్పటిదాకా ఎన్నికై రాష్ట్రపతులైన వాళ్లు 15 మంది. వాళ్లలో అంతకుముందు గవర్నర్‌గా చేసినవాళ్లు ఆరుగురు. జాకీర్ హుస్సేన్ బీహార్‌కు, వి.వి.గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు, శంకర్ దయాళ్ శర్మ మన ఆంధ్రప్రదేశ్‌కు, తర్వాత పంజాబ్, మహారాష్ట్రలకు, ప్రతిభా పాటిల్ రాజస్థాన్‌కు, రామ్‌నాథ్ కోవింద్ బీహార్‌కు, ద్రౌపది ముర్ము జార్ఖండ్‌కు.

ఈ ఆరుగురిలో ఒక తేడా ఉంది, బిట్ల పుస్తకాల్లో అది రాయరు. మొదటి ముగ్గురూ గవర్నర్ పదవి నుంచి నేరుగా పోలేదు. ముందు ఉపరాష్ట్రపతి అయ్యి, రాజ్యసభ నడిపి, ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. చివరి ముగ్గురికీ ఆ మధ్య మెట్టు లేదు. ప్రతిభా పాటిల్ 2007లో రాజస్థాన్ రాజ్‌భవన్ నుంచి, కోవింద్ 2017లో పాట్నా రాజ్‌భవన్ నుంచి నేరుగా పోటీకి వచ్చారు. ముర్ము గారు గవర్నర్‌గా దిగిపోయి ఏడాది సొంతూరి దగ్గర ఉన్నాక వచ్చారు. అంటే 2007 నుంచి రాజ్‌భవన్‌కూ రాష్ట్రపతి భవన్‌కూ దారి దగ్గరయింది. గవర్నర్‌కు రోజూ పార్టీ గొడవల్లో తల దూర్చే పని ఉండదు, శత్రువులు తక్కువ. అభ్యర్థిని వెతికే పార్టీలకు అది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు మన తెలుగు నేల కథకు వద్దాం. ఇది చదివినప్పుడు మాకు ఒళ్లు పులకరించింది.

వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో పుట్టినాడు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కార్మిక నాయకుడు, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం నుంచి నిలబడ్డాడు. అది అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే నియోజకవర్గానికి ఇద్దరు ఎంపీలు. ఒక సీటు జనరల్, ఒకటి ఎస్టీ రిజర్వుడు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు.

లెక్కింపు ఇట్లా జరిగేది. ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇస్తారు. మిగిలిన సీటు, మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారిది. అందులో ఎస్టీ అభ్యర్థి కూడా ఉండొచ్చు. రిజర్వుడు సీటు బిద్దిక సత్యనారాయణకు వచ్చింది. రెండో సీటుకు చూస్తే గిరి కంటే ఇంకో గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొరకు 565 ఓట్లు ఎక్కువ. దాంతో జనరల్ సీటు కూడా గిరిజనుడికే పోయింది. కేంద్ర మంత్రిగా చేసిన మనిషి ఓడిపోయినాడు.

గిరి ఊరుకోలేదు, కేసు వేసినాడు. రిజర్వుడు సీటుకని నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎట్లా ఇస్తారని ఒక వాదన. అసలు సూరి దొర ఎస్టీనే కాదు, వాళ్ల కుటుంబం క్షత్రియులుగా చలామణీ అవుతోందని ఇంకో వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో కోర్టు ఎక్కువ మంది జడ్జీల మాటతో గిరి అప్పీలు కొట్టేసింది. సూరి దొర మూక దొర తెగలోనే ఉన్నట్టు లెక్క, జనరల్ సీటుకు అతని ఎన్నిక చెల్లుతుంది అని తేల్చింది. ఆ తర్వాత 1961లో చట్టం తెచ్చి ద్విసభ్య నియోజకవర్గాలే ఎత్తేశారు.

ఈ ముక్క దగ్గర మేం కాసేపు ఆగిపోయినాం. "నువ్వు నిజంగా ఎస్టీవేనా, చూస్తే అట్లా లేవే" అనే మాట మనలో ఎంతమంది వినలేదు! కుల ధ్రువీకరణ పత్రం కోసం నాన్న కూలి మానుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు మాలో చాలామందికి గుర్తున్నాయి. గెలిచి ఎంపీ అయిన మనిషి కూడా అదే ప్రశ్నకు సుప్రీంకోర్టు దాకా పోయి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఓడిపోయిన గిరి ఏమయ్యాడు? 1957 జూన్‌లోనే ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యాడు. అక్కడి నుంచి కేరళ, మైసూరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మేలో జాకీర్ హుస్సేన్ చనిపోతే తాత్కాలిక రాష్ట్రపతి. ఆపైన రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. ఎదురుగా కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన అనంతపురం జిల్లా ఇల్లూరు వాసి నీలం సంజీవరెడ్డి. ఇందిరా గాంధీ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమని పిలుపిచ్చింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కోటా రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలింది ఆ ఒక్కసారే. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా గెలిచి ఆ లోటు తీర్చుకున్నాడు.

దీన్నిబట్టి తమ్ముడికి మొదటి జవాబు: గవర్నర్ పదవి మనిషిని పోటీలో నిలబెడుతుంది, గెలిపించేది ఓట్ల విలువ.

ఆ విలువ ఎట్లా కడతారో చూడండి. రాష్ట్రపతికి మనం ఓటు వేయం, మనం ఎన్నుకున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు. 1971 జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు అది 159. ఉత్తరప్రదేశ్‌కు 208, సిక్కింకు 7. 2022లో ఎంపీ ఓటు విలువ 700. దేశం మొత్తం విలువ 10,86,431. పోలై చెల్లిన ఓట్ల విలువలో సగం దాటాలి.

గిరిజన అభ్యర్థులు ముర్ము గారికి ముందూ ఉన్నారు. 1992లో మేఘాలయకు చెందిన ఖాసీ నాయకుడు జి.జి.స్వెల్ నిలబడి 3,46,485 తెచ్చుకున్నాడు. ఆయన్ను ఓడించింది ఎవరనుకున్నారు? 1984-85లో మన రాష్ట్ర గవర్నర్‌గా చేసిన శంకర్ దయాళ్ శర్మ. 2012లో గారో తెగకు చెందిన లోక్‌సభ మాజీ స్పీకర్ పి.ఎ.సంగ్మా, గిరిజనుడికి ఒక్కసారైనా అవకాశం రావాలంటూ నిలబడి ప్రణబ్ ముఖర్జీ చేతిలో ఓడిపోయినాడు. ఆయనకు వచ్చింది 3,15,987. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు. లెక్క మాత్రం వాళ్ల వైపు లేదు.

ద్రౌపది ముర్ము గారు 1958లో ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా అనే సంతాల్ ఊళ్లో పుట్టారు. భువనేశ్వర్ పోయి డిగ్రీ చదివారు. ఇరిగేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంట్, తర్వాత రాయ్‌రంగ్‌పూర్‌లో టీచర్, 1997లో అక్కడే కౌన్సిలర్, 2000లో, 2004లో ఎమ్మెల్యే, మధ్యలో మంత్రి. కొన్నేళ్లలోనే ఇద్దరు కొడుకుల్నీ, భర్తనీ పోగొట్టుకున్నారు. 2015 మేలో జార్ఖండ్ గవర్నర్ అయ్యారు, ఆ రాష్ట్రానికి మొదటి మహిళా గవర్నర్.

2017లోనే ఆమె పేరు గట్టిగా వినిపించింది, కానీ బీజేపీ కోవింద్‌ను ఎంచుకుంది. మేం చదివినంతలో ఆమె గవర్నర్‌గా చేసిన ముఖ్యమైన పని కూడా ఆ ఏడాదిదే. జార్ఖండ్‌లో గిరిజన భూమికి రెండు కంచెలు ఉన్నాయి: 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, 1949 నాటి సంతాల్ పరగణా కౌలు చట్టం. సాగు భూమిని వేరే పనులకు వాడుకునేలా ఆ కంచెల్ని సడలిస్తూ 2016 నవంబర్‌లో అక్కడి బీజేపీ ప్రభుత్వం సవరణలు పాస్ చేసింది. ఊళ్లన్నీ రోడ్డు మీదికొచ్చాయి. బిల్లులు గవర్నర్ దగ్గరికి పోతే, 2017 మేలో ఆమె సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. దీనివల్ల గిరిజనులకు ఏం మేలని అడిగారు. తనను గవర్నర్ చేసిన పార్టీ ప్రభుత్వాన్నే అడిగారు. ఆ ఆగస్టులో ప్రభుత్వం సవరణలు మానుకుంది.

ఇంకో వైపు కూడా చెప్పుకోవాలి, లేకపోతే చరిత్ర కాదు, భజన అవుతుంది. ఆమె గవర్నర్‌గా ఉన్నప్పుడే ఖుంటి వైపు ఊళ్లలో ఐదో షెడ్యూల్ హక్కుల్ని రాళ్ల మీద చెక్కి పాతిన పత్థల్‌గడీ ఉద్యమం వచ్చింది. వేల మంది మీద, ఎక్కువగా పేర్లు కూడా లేకుండానే, దేశద్రోహం లాంటి కేసులు పెట్టారు. 2019 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం వచ్చాకే వాటిని ఎత్తేస్తామన్నారు. ఐదో షెడ్యూల్‌కు కాపలా ఉండాల్సిన గవర్నర్ అప్పుడు ఇంకా గట్టిగా నిలబడాల్సిందని అన్నవాళ్లున్నారు. ఆ మాటను తోసేయలేం.

2022లో బీజేపీ కూటమికి సగానికి కొంచెం తక్కువ పడింది. జూన్ 21న ఆమె పేరు ప్రకటించారు. అదే రోజు ప్రతిపక్షాలు జార్ఖండ్ నుంచే ఎంపీగా గెలిచిన యశ్వంత్ సిన్హాను ప్రకటించాయి. ఒడిశా బిడ్డ అని బిజూ జనతాదళ్, సంతాల్ బిడ్డ అని ప్రతిపక్షంలో ఉన్న జార్ఖండ్ ముక్తి మోర్చా ఆమె వైపు వచ్చాయి. మన దగ్గర వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 మంది ఎమ్మెల్యేలు, 31 మంది ఎంపీలు. గుణించి చూడండి, దాదాపు 45,700. అంటే మొత్తంలో నాలుగు శాతం పైన. తగ్గిన లెక్క పూడ్చడంలో అది పెద్ద ముక్క. తెలుగుదేశం కూడా మద్దతిచ్చింది. జూలై 12న ఆమె మంగళగిరి, విజయవాడ వచ్చి రెండు పార్టీల వాళ్లనూ వేరువేరుగా కలిశారు. అసెంబ్లీలో ఒకరి ముఖం ఒకరు చూడని పార్టీలు ఒకే పేరుకు ఓటు వేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఓటు వేసిన 173 మంది ఎమ్మెల్యేలూ ఆమెకే వేశారు, సిన్హాకు ఒక్కటీ రాలేదు. పక్కన తెలంగాణలో టీఆర్ఎస్ సిన్హా వైపు నిలబడింది. జూలై 21న లెక్క తేలింది: ముర్ము గారికి 6,76,803, సిన్హాకు 3,80,177.

కాబట్టి తమ్ముడూ, ఆమెకు మూడు కలిసొచ్చాయి. గవర్నర్‌గా ఆరేళ్లు పెద్దగా మచ్చ లేకుండా చేసిన పేరు ఒకటి. సొంత కూటమి చేతిలో ఉన్న ఓట్లు రెండోది. ఎదుటి పార్టీలు కాదనలేని సంతాల్ ఆడబిడ్డ అన్న గుర్తింపు మూడోది. స్వెల్‌కు, సంగ్మాకు మూడోది ఉంది, రెండోది లేదు.

ఆఖరికి మన సంగతి. ఆ రోజు హాస్టల్లో టీవీ ముందు అందరం చప్పట్లు కొట్టినాం. సుగాలి, ఎరుకల, యానాది, చెంచు అని తేడా లేకుండా "మనామె" అన్నాం. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ ఐదో షెడ్యూల్ చదివితే ఇంకో విషయం తెలిసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ చట్టం వర్తించకూడదో చెప్పే అధికారం గవర్నర్‌ది. అసలు ఏది షెడ్యూల్డ్ ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతి. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచు గూడేలు ఆ జాబితాలో ఉన్నాయి, అది ఒకప్పటి నిజాం రాజ్యం. ఇవతల మన ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు గూడేలు ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ, అప్పటి కర్నూలు జిల్లా. ఇవి జాబితాలో లేవు. అడవి ఒకటే, నల్లమల ఒకటే, ఏటికి రెండు వైపులా బంధువులు కూడా ఒకరే. హక్కు మాత్రం ఒక గట్టునే ఆగిపోయింది. దాన్ని మార్చే కాగితం రాష్ట్రం నుంచి, కేంద్ర మంత్రివర్గం మీదుగా పోయి రాష్ట్రపతి బల్ల మీదికి చేరాలి. ఆ బల్ల దగ్గర మన మనిషి కూర్చున్నా, కాగితం ఇక్కడి నుంచి కదలకపోతే ఆమె దేని మీద సంతకం పెడుతుంది?

2027 జూలైతో ఈ పదవీకాలం అయిపోతుంది. మళ్లీ పేర్లు వినిపిస్తాయి, మళ్లీ లెక్కలు వేస్తారు. అప్పుడు మన ఎమ్మెల్యే ఓటు 159, మన ఎంపీ ఓటు ఏడొందల పైచిలుకు అని గుర్తుంచుకుని, ఎవరికి వేస్తున్నారన్న దాంతోపాటు మన గూడేల కాగితం ఎక్కడ ఆగిందో కూడా వాళ్లను అడుగుదాం. ముందు మన ఊళ్లలో గ్రామసభ తీర్మానాలు ఉన్నాయో లేవో చూద్దాం. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ తండాలో, గూడెంలో, కాలనీలో పెద్దోళ్లను అడిగి, తెలిసింది ఇక్కడ రాయండి. మేం కూడా రాస్తాం.

తప్పులుంటే సీనియర్లు సరిచేయండి. జై ఆదివాసీ.

మీ పొదిలి హాస్టల్ తమ్ముళ్లు