పింఛను పుస్తకంలో లేని ముగ్గురు

ప్రత్యేక సంచికకు పాత రోజుల సంగతి ఏదైనా వ్రాసి పంపవలసిందిగా కార్యదర్శిగారు రెండు పర్యాయాలు ఫోను చేశారు. గుమాస్తాగా ముప్ఫై అయిదేళ్లు ఇతరుల సంతకాలకు చిత్తు ప్రతులు తయారుచేసిన వాడిని. నా పేరు మీద ఏదైనా వ్రాయాలంటే ఇప్పటికీ చేయి తడబడుతుంది. అయినా ఒక విషయం కొంతకాలంగా మనసులో ఉంది కనుక వ్రాస్తున్నాను.

మన పత్రిక చివరి పుటలో దివంగతులైన సభ్యుల పేరు, హోదా, పదవీ విరమణ తేదీ వేస్తుంటాం. పత్రిక చేతికి రాగానే నేను ముందు చూసేది ఆ పుటే. మీలో చాలామందికి కూడా అదే అలవాటు అయి ఉంటుంది. గడచిన మూడేళ్లలో కలకడ చుట్టుప్రక్కల పల్లెలలో నాకు బాగా తెలిసిన ముగ్గురు వృద్ధులు కాలం చేశారు. ఒకరు కరణం, ఒకరు తలారి, మరొకరు చెరువు నీరుగంటి. మనం ఆఫీసులో కూర్చుని చేసిన పనికి ఊళ్లో కాళ్లూ చేతులూ వాళ్లే. అయితే వాళ్లకు పింఛను పుస్తకం లేదు, మన సంఘంలో సభ్యత్వం లేదు, కాబట్టి ఆ చివరి పుటలో వాళ్ల పేర్లు రావు. ఇక్కడ కూడా పేర్లు వ్రాయడం లేదు. ఇంటివాళ్లను అడగకుండా వ్రాయడం పద్ధతి కాదు. ఆ పల్లెల పేర్లు, అప్పుడు నేను పనిచేసిన ఆఫీసుల పేర్లు కూడా అందుకే విడిచిపెట్టాను.

యువ సభ్యుల కోసం కొంచెం పూర్వకథ చెప్పాలి. కలకడ ఇవాళ టమోటా లారీలు ఆగే ఊరుగా పదిమందికి తెలుసు గాని, వెయ్యేళ్ల క్రితం వైదుంబ రాజులకు అది రాజధానిగా ఉండిందని చరిత్రకారులు చెప్తారు. 1800లో నిజాము ఈ సీమను కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో దొర 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, రైతుతో నేరుగా పన్ను కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని పాదుకొల్పాడు. మన వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు అప్పట్లో కడప జిల్లావి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఇటు వచ్చాయి. 2022లో కలకడ అన్నమయ్య జిల్లాలో చేరింది. పుంగనూరు, కుప్పం వైపు కథ వేరు. అవి పుంగనూరు, కంగుంది జమీందారీలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే అక్కడ సర్కారు లెక్కలు మొదలైనాయి. జిల్లాలు మారినా, దొరలు మారినా, ఊళ్లో లెక్క వ్రాసేవాడు, కాపలా కాసేవాడు, నీళ్లు పారించేవాడు మాత్రం ఆ ఇండ్లవాళ్లే.

ఆ వారసత్వానికి 1895లో మద్రాసు ప్రభుత్వం చట్టం కూడా చేసింది. తండ్రి తరువాత కొడుకు. అరవై అయిదేళ్ల తరువాత, 1960 డిసెంబరులో, గుంటూరు జిల్లాకు చెందిన గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగం ఇచ్చిన సమాన అవకాశానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా పల్లెలో జరిగింది తక్కువ. రెడ్డి ఇంట్లో మునసబు, బ్రాహ్మణ గృహంలో కరణం, మాలమాదిగ వాడల్లో వెట్టి. నేను సర్వీసులో చేరిన 1970లలో కూడా మా ఫిర్కాలో అధిక భాగం ఇట్లానే ఉండినది.

నేను చెప్పే కరణంగారు తండ్రి తరువాత 1950లలో లెక్కలు పట్టినాయన. అడంగలు, చిట్టా, పది ఒకటి లెక్క – ఏది తెచ్చినా అక్షరాలు అచ్చుగుద్దినట్లు ఉండేవి. జమాబందీ రోజున మిగతా కరణాలు చెట్టు క్రింద కూర్చుని కూడికలు సరిచేసుకుంటూ ఉంటే ఈయన పంచాంగం చదువుకునేవాడు. ఆయన లెక్కలో తప్పు పట్టుకోవాలని నేను రెండు ఫసలీలు ప్రయత్నించాను, దొరకలేదు. మంచివాడని పొగడడానికి ఇది వ్రాయడం లేదు. పేదవాని భూమికి చిట్టా నకలు ఇవ్వడానికి నాలుగుసార్లు త్రిప్పుకోవడం ఆయనకూ తెలుసు. కరణం కలం వల్ల మడి పోగొట్టుకున్న కుటుంబాలను నేనెరుగుదును. కరణాలను తీసేశారంటే పల్లెల్లో చాలామంది సంతోషించారంటే అందులో ఆశ్చర్యం లేదు.

తీసేసింది 1984 జనవరి 6వ తేదీ ఆర్డినెన్సుతో. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం వచ్చి అప్పటికి ఏడాది. తమిళనాడులో 1980 నవంబరులోనే ఇట్లాంటి ఆర్డినెన్సు వచ్చింది కాబట్టి కుప్పం వైపు కరణాలకు సరిహద్దు అవతల జరిగినది తెలుసు. మన వైపు వాళ్లు మాత్రం నమ్మలేదు. సంక్రాంతి పండుగ దగ్గర పడుతోంది. ఫసలీ 1393 సగంలో ఉంది. రికార్డులు ఆలస్యం లేకుండా స్వాధీనం చేసుకోవాలని ఉత్తరువు. మేం జీపులో ఆయన ఊరికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అడ్డం తిరుగుతాడేమోనని ఒక కానిస్టేబులును కూడా తీసుకుపోయాం.

ఆయన అడ్డం తిరగలేదు. పెట్టె తెచ్చి నడవలో పెట్టి, లోపలినుంచి ఒక జాబితా తెచ్చాడు. ప్రతి రిజిస్టరు పేరు, ఏ ఫసలీది, ఎన్ని పుటలు, ఎక్కడ చినిగింది – మూడు అరఠావులు. మేం వస్తామని తెలిసి వ్రాసుకున్నాడో, ముందునుంచీ ఉండినదో అడగలేదు. చివరి పద్దు "చిల్లర కాగితముల మూట – 1". రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు తొందరలో ఉన్నారు, ఇంకా రెండూళ్లు పోవాలి. ఆయన జీపెక్కేశారు. కరణంగారు నా వంక చూసి, "రసీదు మీద ఎవరు చేస్తారు నాయనా సంతకం?" అన్నాడు. నేనే చేశాను. అప్పుడాయన, "ఆ మూట మాత్రం పారెయ్యొద్దు. అందులో సర్కారుకు కావలసింది ఏమీ లేదు, ఊరికి కావలసింది ఉంది" అన్నాడు. చెరువు నీళ్ల వంతులు, కట్టకు మన్ను ఎవరెంత వెయ్యాలి, దశబంధం మాన్యం ఎవరెవరి అనుభవంలోకి ఎట్లా పోయింది, తాతల తండ్రులనాటి వంశవృక్షాలు – అన్నీ అందులోనివే.

దశబంధం అనే మాట ఇప్పటివారికి తెలియకపోవచ్చు. చెరువు త్రవ్వించినవానికీ, తెగిన కట్ట వేయించినవానికీ దాని క్రింద భూమి మాన్యంగా ఇవ్వడం, దానికి బదులు ఆ వంశంవాళ్లు చెరువును మరమ్మతులో ఉంచడం. కడప జిల్లాలోనూ, మన పై తాలూకాలలోనూ ఈ మాన్యాలు విస్తారం. 1956 ఇనాముల రద్దు చట్టంతో మాన్యాలు రైత్వారీ పట్టాలయ్యాయి. భూమి పట్టాదారుకు మిగిలింది, చెరువును చూడవలసిన బాధ్యత ఎవరికీ మిగలలేదు. నా దృష్టిలో మన చెరువులు పూడిపోవడానికి వానలు తగ్గడం కన్న ఇదే పెద్ద కారణం. కొందరు మిత్రులు ఒప్పుకోరని తెలుసు.

ఆ మూట సంగతి చెప్పాలి. 1985 మే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రికార్డులు పంచుకుని ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద తోలుకుపోయాం. కొత్త ఆఫీసులకు సొంత కట్టడాలు లేవు. అద్దె ఇంట్లో బీరువాలు చాలక, పట్టికలో లేని కాగితాలన్నీ వెనుక వసారాలో పెట్టించాను. పెట్టించింది నేనే, ఇంకెవరూ కారు. రెండో వానకాలం తరువాత చూస్తే చెదపురుగులు మూటకు గుడ్డ మాత్రం మిగిల్చాయి. ఈ విషయం కరణంగారికి నేను ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఎన్నడూ అడగలేదు.

తలారిది వేరే తీరు. సర్వే రాయి ఎక్కడుందో పటం చూసి మేం వెదుకుతుంటే, ఆయన చెప్పులు విడిచి కంపలోకి పోయి, కాలితో మన్ను త్రోసి, "ఇదో సామీ" అని రాయి చూపేవాడు. కిస్తు వసూలు నెలల్లో సొమ్ము సంచి మునసబు కట్టి ముద్ర వేసి ఇస్తే, దానిని భుజాన వేసుకుని తాలూకాకు నడిచిపోయేవాడు. అందులో ఎంత ఉందో ఆయనకు చెప్పేవాళ్లు కాదు. ఒక్క పైసా తేడా వచ్చినట్లు నేనెరుగను. ఊరి సేవకుల ఉద్యోగాలు 1984లో పోలేదు. ఆ కొద్దిపాటి జీతం మీద ఇంకా చాలా ఏళ్లు చేశాడు.

ఒకసారి పొలిమేర తగాదా విచారణకు పోయినపుడు చింతచెట్టు క్రింద నిలబెట్టిన రాయి ఒకటి చూపించాడు. విల్లు పట్టిన మనిషి, వెనుక ఆవు, పైన ఏవో అరిగిన అక్షరాలు. వీరగల్లు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో ఇట్లాంటివి చాలా దొరికాయి. కొన్ని తొమ్మిదో శతాబ్దంలో సోరెమడి యుద్ధంలో బాణ, వైదుంబుల పక్షాన పడిన వాళ్లవి. మరికొన్ని గొడ్లను తోలుకుపోయే దొంగలకు అడ్డం పోయి చచ్చిన పల్లెవాళ్లవి. రాజుల పేర్లతోబాటు ఊరూపేరూ లేని బంటు పేరు కూడా ఆ కాలంలో రాతిమీద చెక్కారు. తలారికి చదువు రాదు. రాయికి ఏడాదికి ఒకసారి నూనె పూసేవాడట. ఎవరిదీ అని అడిగితే, "ఎవురో మా మాదిరి తలారే సామీ, గొడ్లకు అడ్డం పొయ్యి సచ్చినాడంట" అన్నాడు. శాసనాలలోని తలవరి అనే పాత మాటే తలారి అయిందని నాకు చాలా ఏళ్ల తరువాత ఒక పుస్తకం వల్ల తెలిసింది.

ఇక నీరుగంటి. ఈయన పేరు సర్కారు లెక్కలో ఎక్కడా లేదు. ఈయన కూలి కళ్లంలో రైతులు కొలిచి ఇచ్చే మేర. పంట పండితే మేర, చెరువు ఎండితే ఏమీ లేదు. ఆ ఆయకట్టులో ఆయనకు సెంటు మడి లేదు, కాబట్టే నీళ్ల దగ్గర ఆయన మాట చెల్లింది. తూము ఎంత ఎత్తాలి, ఏ కాలువకు ఎన్ని గడియలు, మొరవ పారే వాన ఏది, కట్ట ఎక్కడ చెమ్మ పడుతున్నది – రాత్రిపూట లాంతరు పట్టుకుని ఒంటరిగా తిరిగి చూసుకునేవాడు. పగలు కాలం లెక్కకు తన నీడను అడుగులతో కొలిచేవాడు.

1990లలో ఒక ఏడు, చాలాకాలానికి చెరువు సగం నిండింది. అప్పటికి బోర్లు పడి, నీళ్ల వంతులు మరచిపోయిన కాలం. ఎగువ మడులవాళ్లకూ దిగువవాళ్లకూ కొట్లాట వచ్చి కేసు మా ఆఫీసుకు చేరింది. పాత వంతుల కాగితం ఏదైనా ఉందా అని అధికారి నన్ను అడిగారు. లేదని నోటు వ్రాసి పెట్టాను. ఆ నోటు వ్రాస్తున్నపుడు నా కళ్ల ముందు ఆ మూట గుడ్డ ఉంది.

ఊళ్లోనే పంచాయతి పెట్టారు. నీరుగంటిని పిలిపించారు. అప్పటికే ముసలివాడు. కట్ట మీద గొంతు కూర్చుని, కాలువ మొదలు నుంచి చివరివరకూ మడి మడికీ ఎవరి తాతది ఎన్ని గడియల నీళ్లో వరసగా చెప్పుకుంటూ పోయాడు. నేను వ్రాసుకున్నాను. నలభైకి పైగా పేర్లు. "కరువు నీళ్లయితే ముందర కడా మడికి పోవాల సామీ. మొదుల్లో ఉండేవోడిది ఎట్లయినా తడస్తాది" అన్నాడు. రెండు పక్షాలలో ఎవరూ కాదనలేదు. ఆ ఏడు పంట ఇంటికి వచ్చింది. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చినపుడు అధ్యక్షులకు, సభ్యులకు ఎన్నికలు జరిగాయి. నీరుగంటి ప్రస్తావన మాత్రం నేను చూసిన ఏ ఫైలులోనూ రాలేదు.

కరణంగారు ముందు పోయారు, తొంభై మూడో ఏట. పదో రోజున నేను వెళితే వారి కుమారుడు ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. నేను 1984లో సంతకం చేసిన రసీదు. నలభై ఏళ్లు పంచాంగాల మధ్య పెట్టుకున్నాడట. చివరి పద్దు క్రింద పెన్సిలుతో సన్నగా గీత ఉంది. మూట సంగతి ఆ కుమారునికి అప్పుడు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నాయనకు తెలుసులెండి" అన్నాడు. ఎట్లా తెలిసిందో చెప్పలేదు.

తలారి పోయినట్లు నాకు నెల తరువాత తెలిసింది. ఆ చింతచెట్టు ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. రాయిని ప్రక్కకు జరిపి పెట్టారు.

నీరుగంటి చావుకు మాత్రం పోగలిగాను. ఆయన వయసు ఎవరికీ సరిగా తెలియదు, తొంభైకి తక్కువ ఉండదు. చెరువు కట్ట క్రిందనే పూడ్చారు. నా దగ్గర ఉన్న నలభై పేర్ల కాగితానికి నాలుగు నకళ్లు తీయించి ఒకటి మనుమని చేతికి ఇచ్చాను. అతను బెంగుళూరులో పనిచేస్తాడు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తరువాతి వారం మరణ ధృవీకరణ పత్రానికి వాళ్లతో సచివాలయానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి చాలా మర్యాదగానే అన్ని వివరాలూ అడిగింది. వృత్తి అనే గడి దగ్గర కొడుకు "కూలి" అన్నాడు. నేను అడ్డం పడి "నీరుగంటి అని వ్రాయమ్మా" అన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తి, "అంటే ఏమిటి తాతా?" అని అడిగింది. వెనుక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. చెప్పడం మొదలుపెట్టాను.