స్థూలకాయ శస్త్రచికిత్సల తరువాత ప్యాకెట్టు ఆహారములు : కొంత చరిత్ర

స్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు ఇంటికి వచ్చిన కొద్ది వారములకు అడిగే మొదటి ప్రశ్న చాలా సాధారణమైనది. “అంగట్లో దొరికేవాటిలో నేనేమి తినవచ్చును?” అని అడుగుతారు. ఉద్యోగములకు వెళ్ళేవారికి, ప్రయాణములు చేసేవారికి అది న్యాయమైన ప్రశ్నే. సమాధానము చెప్పడము మాత్రము సులభము కాదు. ఈ శస్త్రచికిత్సల చరిత్ర ఒకటి, ప్యాకెట్టు ఆహారముల చరిత్ర మరొకటి. ఈ రెండూ చాలాకాలము వేర్వేరు దారులలో నడిచాయి.

జఠరములో కొంతభాగమును తీసివేసినా మనిషి జీవించగలడని 1881లో వియన్నాలో థియోడార్ బిల్‌రోత్ చూపించారు. అది కర్కటవ్రణమునకు చేసిన చికిత్స. తరువాత జీర్ణాశయపు పుండ్లకు కూడా ఇటువంటి శస్త్రచికిత్సలు వ్యాప్తిలోనికి వచ్చాయి. వాటితో పాటు ఒక కొత్త బాధ కూడా వచ్చింది. ఆహారము జఠరములో నిలువకుండా ఒక్కసారిగా చిన్నప్రేవులలోనికి కుమ్మరింపబడుటను 1922లో అమెరికా వైద్యుడు ఛార్లెస్ మిక్స్ వర్ణించి, దానికి ‘డంపింగ్’ అన్న పదమును వాడారు.

మా తరము వైద్యులకు ఇది పుస్తకములలో చదివి వదిలేసిన సంగతి కాదు. సిమెటిడిన్ వంటి మందులు వాడుకలోనికి రాకమునుపు, పుండ్లకు కారణమైన సూక్ష్మజీవిని 1982లో మార్షల్, వారెన్‌లు గుర్తించక మునుపు, మన పెద్దాసుపత్రులలో వేగస్ నాడిని ఖండించి జఠరమును చిన్నప్రేవుతో కలిపే శస్త్రచికిత్సలు విరివిగా జరిగేవి. వారిలో కొందరు తియ్యటి టీ త్రాగిన పావుగంటకే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపు మెలిపెట్టి మంచమెక్కేవారు. చక్కెర దట్టముగా ఉన్న ఆహారము ప్రేవులోనికి వేగముగా దిగితే రక్తములోని నీరు ప్రేవులోనికి లాగబడుతుంది. ఈ బాధ అందువలన కలిగేదే. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తరువాత మరొక బాధ వస్తుంది. చక్కెర త్వరగా రక్తములో చేరడము వలన ఇన్సులిన్ అధికముగా విడుదలై, రక్తములో చక్కెర పడిపోయి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. తీపి మానుకొమ్మని, భోజనముతో నీళ్ళు త్రాగవద్దని, కొద్దికొద్దిగా తినమని నాడు చెప్పిన మాటలే నేటి స్థూలకాయ రోగులకూ చెబుతున్నారు.

స్థూలకాయ శస్త్రచికిత్స కూడా ఈ పుండ్ల శస్త్రచికిత్సల నుంచే పుట్టింది. పుండ్లకై జఠరములో కొంతభాగము తీసివేయబడినవారు బరువు తగ్గడమును అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్ గమనించారు. 1966లో ఆయన జఠరమును చిన్న సంచిగా విడదీసి ప్రేవుతో కలిపే పద్ధతిని మొదలుపెట్టారు. అంతకు ముందు, 1954లో, మిన్నెసోటాలో ప్రేవులలో అధికభాగమును దాటవేసే పద్ధతి ఒకటి వచ్చింది. దానితో బరువు తగ్గింది కాని కాలేయము చెడిపోవడము, మూత్రపిండములలో రాళ్ళు, పోషకాహార లోపములు బయటపడి దానిని విడిచిపెట్టారు. 1990లలో ఉదరాంతర దర్శినితో బైపాస్ చేయడము మొదలయింది. తరువాతి దశాబ్దములో జఠరమును సన్నని గొట్టముగా మిగిల్చే స్లీవ్ శస్త్రచికిత్స ప్రబలింది. స్లీవ్ తరువాత డంపింగ్ బైపాస్ తరువాత కంటె తక్కువే, కాని రాదనుకోరాదు.

బైపాస్ తరువాత మిగిలే సంచిలో సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే రెండు పెద్ద చెంచాలు. రోజుకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు మాత్రము లోపలికి చేరాలి. లేకపోతే క్రొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది, నీరసము వస్తుంది. ప్యాకెట్టు ఆహారము ప్రసక్తి ఇక్కడే వస్తుంది.

మన ఇండ్లలో రోగికి ఆహారమంటే ఏమిటో మీకు తెలుసు. రొట్టె, బిస్కట్లు, గ్లూకోజు పొడి, మాల్టు పొడి. మాల్టు పొడి పసిపిల్లల కొరకు పుట్టినది. హార్లిక్ సోదరులు 1873లో అమెరికాలో ఆ వ్యాపారమును ఆరంభించారు. తరువాత అది రోగుల పానీయమై మన ధవళేశ్వరములోనూ తయారయింది. ఎదిగే బిడ్డకు, జ్వరము నుంచి లేచినవానికి తగిన తీపి, శక్తి ఈ రోగికి తగవు. పలుకరింపునకు వచ్చే చుట్టములు ప్రేమతో తెచ్చే సంచిలో సగము ఆయనకు పనికిరానిదే.

మాంసకృత్తుల పానీయముల చరిత్రలో ఒక విషాద ఘట్టము ఉంది. 1976లో రాబర్ట్ లిన్ అనే అమెరికా వైద్యుడు, అన్నము మాని ద్రవరూపపు మాంసకృత్తులతో బరువు తగ్గవచ్చునని ఒక పుస్తకము వ్రాశారు. లక్షలాదిమంది ఆ బాట పట్టారు. ఆ ద్రవములు పశువుల తోళ్ళు, స్నాయువులు, ఎముకల నుంచి తీసిన కొల్లాజెన్‌తో చేసినవి. కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర ఆమినో ఆమ్లము ఉండదు. 1977 నాటికి ఈ ఆహారము వాడినవారిలో సుమారు 60 మరణములను అమెరికా ప్రభుత్వ సంస్థలు పరిశీలించాయి. గుండె లయ తప్పి మరణించినవారు వారిలో ఉన్నారు. వారు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు కారు. అయినా ఆ పాఠము ఈనాటి రోగికి కూడా వర్తిస్తుంది. డబ్బాపై వ్రాసిన గ్రాములలో నాణ్యత కనిపించదు. చర్మకాంతికని అమ్మే కొల్లాజెన్ పొడిని 60 గ్రాముల లెక్కలో వేసుకొనరాదు.

తరువాత వచ్చిన పాలవిరుగుడు పొడి, ఆంగ్లములో వే ప్రొటీన్, మేలైనది. చీజ్ చేయగా మిగిలే విరుగుడు నీటిని ఒకప్పుడు పందులకు పోసేవారు, ఏరులలో కలిపేవారు. 1970ల నుంచి సూక్ష్మమైన పొరల ద్వారా వడపోసే విధానములు రావడముతో దానిలోని మాంసకృత్తులను వేరుచేయగలిగారు. అది వ్యాయామశాలల వారి ఆహారముగా పేరు పొంది, అక్కడి నుంచి ఈ రోగుల చేతికి వచ్చింది. అందుకే ఆ డబ్బాలపై కండలు తిరిగిన బొమ్మలు ఉంటాయి. నలభై ఏళ్ళ ఇల్లాలు వాటిని చూసి జంకడములో వింత లేదు. పాలు పడనివారు ‘ఐసొలేట్’ అని వ్రాసినదానిని ఎంచుకోవడము మంచిది. దానిలో లాక్టోజు బాగా తక్కువ. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా ఏ పొడీ మొదలుపెట్టరాదు.

డబ్బాలో ఏముందో తెలుసుకొనే హక్కు కూడా ఆలస్యముగానే వచ్చింది. అమెరికాలో పోషకముల పట్టికను తప్పనిసరి చేసే చట్టము 1990లో వచ్చింది. మన దేశములో ఆహారభద్రతా చట్టము 2006లోను, దాని క్రింద లేబులు నియమములు 2011లోను, కొత్త నియమములు 2020లోను వచ్చాయి. ఇప్పుడు మొత్తము చక్కెరలను, అదనముగా కలిపిన చక్కెరను వేరువేరుగా చూపాలి. 2024లో ‘ఆరోగ్య పానీయము’ అన్న వర్గము చట్టములో లేదని, ఆ పేరుతో వాటిని అమ్మవద్దని ప్రభుత్వము అంతర్జాల విక్రేతలకు చెప్పింది. అదే సంవత్సరము హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ఆహార సూత్రములలో లేబులు చదవడము కూడా ఒకటి.

చదివేటప్పుడు పెద్ద అక్షరములను వదిలి, వెనుకనున్న చిన్న పట్టికను చూడండి. ‘చక్కెర లేనిది’ అంటే 100 గ్రాములలో అర గ్రాముకు మించి చక్కెరలు లేవని అర్థము. మాల్టోడెక్స్‌ట్రిన్ ఆ లెక్కలోనికి రాదు, కాని కడుపులోనికి వెళ్ళాక త్వరగా గ్లూకోజుగా మారుతుంది. సార్బిటాల్, మాల్టిటాల్ ఉన్న చాక్లెట్లు చాలామందికి కడుపుబ్బరము, విరేచనములు కలిగిస్తాయి. బెల్లము, ఖర్జూరము, తేనెలతో చేశామని గొప్పగా చెప్పుకొనే బార్లు కూడా తీపి వస్తువులే. ప్రేవులకు ఆ తేడా తెలియదు.

చక్కెర లేని బిస్కట్ల సంగతి వేరు. అవి నోటిలో కరిగి, చిన్న సంచిలో నిలువక జారిపోతాయి. కడుపు నిండదు, చేయి ఆగదు. బరువు మళ్ళీ పెరగడమునకు ఇటువంటి కరకర తిండి ఒక దారి. మెత్తని ఆహారపు దశ దాటినవారికి వేయించిన శనగలు నా దృష్టిలో మంచి చిరుతిండి. 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, నమలక తప్పదు, ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. గుప్పెడు చాలును. తియ్యదనము లేని పెరుగు, పనీరు, ఉడికించిన గ్రుడ్డు కూడా మంచివే.

ఏది తిన్నా, త్రాగినా వాంతి అవుతూ రెండు మూడు రోజులు గడిస్తే మరొక పొడి కొరకు అంగడికి వెళ్ళవద్దు. శరీరములో థయమిన్ నిల్వలు కొద్ది వారములకే సరిపోతాయి. అవి తరిగినపుడు కళ్ళు సరిగా కదలక, నడక తూలి, మతి తప్పవచ్చును. శస్త్రచికిత్స జరిగిన సంగతి చెప్పి, అదే రోజు ఆసుపత్రిలో చూపించుకోవాలి. గ్లూకోజు సెలైను ఎక్కించే ముందే థయమిన్ ఇవ్వవలసి ఉంటుంది కనుక ఆ సంగతిని ముందుగా చెప్పడము అవసరము.